ఆలస్యంగా తెలిసిన తప్పు: పటాన్‌చెరు వాగు నుంచి ‘జ్ఞా’ అక్షరం దాకా పరీక్షా పద్ధతులపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో ఒక మార్పు చేసినప్పుడు, అంతకుముందు సరిగా పనిచేసిన భాగం చెడిపోతే సాంకేతికులు దాన్ని ‘రిగ్రెషన్’ అంటారు. అది తయారీశాలలోనే దొరికితే చిన్న సంగతి. వాడుకరి చేతికి చేరి, నెలలు గడిచాక బయటపడితే దాని బరువు వేరు. ఆలస్యంగా బయటపడిన లోపాన్ని సరిదిద్దడమూ, దాని నుంచి నేర్చుకోవడమూ ఒకటే అన్న భావనను ఈ వ్యాసం ప్రశ్నిస్తుంది. లోపం పరీక్షల పట్టికలో శాశ్వతమైన వరుసగా చేరినప్పుడే నేర్చుకోవడం జరిగినట్టనీ, ఆ పట్టికలో ఏది చేరాలో చాలా సందర్భాల్లో సాంకేతిక సామర్థ్యం కాక, ఫిర్యాదు చేయగలవారి స్థాయి నిర్ణయిస్తున్నదనీ ప్రతిపాదిస్తుంది. ఇందుకు పటాన్‌చెరు వ్యర్థజలాల పరీక్ష, 2019 తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు, 2018లో ఐఫోన్లను ఆపివేసిన తెలుగు అక్షర వరుస, తెలుగు అంతర్జాల ప్రచురణలో ఎదురైన ఒక అనుభవం ఆధారాలు.

కీలకపదాలు: రిగ్రెషన్, పరీక్షల పట్టిక, నిల్వ నమూనా, యూనికోడ్, శూన్యనిడివి విభాజకం, పటాన్‌చెరు, తెలుగు కంప్యూటింగ్

1. ఉపోద్ఘాతం

సంగారెడ్డి నుంచి హైదరాబాదు వైపు జాతీయ రహదారి మీద వస్తుంటే కంది దగ్గర ఐఐటీ ప్రాంగణం, ఇస్నాపూర్ దగ్గర పాశమైలారం పారిశ్రామికవాడకు తిరిగే దారి, పటాన్‌చెరులో మందుల కర్మాగారాలు, ఊరు దాటాక ఇక్రిశాట్ పొలాలు వరుసగా తగులుతాయి. నేను తెలుగు చెప్పే తరగతుల్లో కూర్చునే పిల్లల అన్నలో మేనమామలో ఈ కర్మాగారాల ‘క్యూసీ’ విభాగాల్లో షిఫ్టులు చేస్తుంటారు. కొందరు డిగ్రీ ముగించి గచ్చిబౌలికి పోయి సాఫ్ట్‌వేర్ ‘టెస్టింగు’లో చేరతారు. అందువల్ల పరీక్ష అన్న మాట ఈ ప్రాంతంలో మూడు అర్థాలతో వినిపిస్తుంది. విద్యార్థికి పెట్టేది ఒకటి, మందు బ్యాచ్‌కి చేసేది ఒకటి, ప్రోగ్రాముకు చేసేది ఒకటి. మూడింటికీ ఒకే మాట వాడుతున్నా, మూడు రంగాలవారూ ఒకరి అనుభవాన్ని ఒకరు చదువుకున్న దాఖలా లేదు.

రిగ్రెషన్‌కు నిఘంటువుల్లో ‘తిరోగమనం’ అని అర్థం దొరుకుతుంది. ఆ మాటను మనం సాహిత్య విమర్శలో భావజాలానికి వాడి వాడి అరగదీశాం. గణాంకశాస్త్రంవారు ‘ప్రతిగమనం’ అన్నారు. అక్కడి అర్థం పూర్తిగా వేరు. ఇక్కడ చెప్పదలచినది అంతకంటే ఇంటిమాట: బాగున్నది మళ్ళీ చెడటం. నిన్నటిదాకా నీళ్ళు వచ్చిన కుళాయి, పక్క గోడకు సున్నం వేశాక ఆగిపోవడం లాంటిది. ఆ ‘నిన్నటిదాకా’ అన్నదే కీలకం. పాత స్థితి తెలియనివాడు కొత్త చెడును గుర్తించలేడు. రిగ్రెషన్ పరీక్ష అంటే జ్ఞాపకాన్ని యంత్రానికి అప్పగించడమే. ఈ పని నిన్న జరిగింది, ఇవాళ కూడా జరుగుతున్నదా అని ప్రతి మార్పు తరువాతా అడిగించడం.

తెలుగు అధ్యాపకుడికి ఈ చర్చతో పనేమిటని సందేహం రావచ్చు. మనం రాసే ప్రతి వాక్యం ఇవాళ సాఫ్ట్‌వేర్ గుండానే పాఠకుడికి చేరుతున్నది. మన సిద్ధాంత గ్రంథాలు, ఈ పత్రికలో వచ్చే వ్యాసాలు, విద్యార్థుల మార్కుల పత్రాలు, అన్నీ. అవి చెడితే చెడింది మన పాఠమే.

2. పట్టికలో లేని ప్రశ్న

మందుల కర్మాగారంలో తప్పు ఆలస్యంగా తెలుస్తుందన్న ఎరుక నియమంగానే ఉంది. బ్యాచ్ బయటికి పోయినా, దాని నుంచి కొంత తీసి ‘నిల్వ నమూనా’గా భద్రపరుస్తారు. గడువు తీరిన తరువాత కూడా కనీసం ఏడాదిపాటు దాన్ని ఉంచాలి. ఎక్కడో దేశాంతరంలో కొనుగోలుదారు ఫిర్యాదు చేస్తే ఆ నమూనాను బయటికి తీసి మళ్ళీ పరీక్షిస్తారు. తప్పు రుజువైతే దాన్ని సరిచేసి ఊరుకోరు. అది ఎలా తప్పించుకుందో రాసి, ఇక తప్పించుకోకుండా ఏ పరీక్షను చేర్చారో కూడా రాయాలి. కర్మాగారాల్లో దీన్ని ‘కాపా’ అంటారు. దిద్దుబాటు, నివారణ అనే రెండు చర్యలు కలిసిన కాగితం అది. సాఫ్ట్‌వేర్ రంగం పెద్ద మాటలతో చెప్పుకొనే సూత్రాన్ని మన ఊరి రసాయన శాస్త్ర పట్టభద్రులు షిఫ్టు ముగిసేలోపు సంతకం చేసి ఇస్తున్నారు.

ఇంత కట్టుదిట్టమైన వ్యవస్థ ఉన్నచోటే మరో పరీక్ష ఎలా తప్పిందో చూడాలి. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. తరువాతి కాలంలో ఉమ్మడి శుద్ధి కేంద్రం ఏర్పడింది. దాదాపు 90 బల్క్ డ్రగ్ సంస్థల వ్యర్థజలం అక్కడికి చేరి, శుద్ధి అయ్యాక ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర వైపు పోయేది. ఆ నీటికి పరీక్షలు లేకపోలేదు. ఆమ్లక్షార గుణం, కరిగిన లవణాలు, ప్రాణవాయువు అవసరాన్ని కొలిచే సీఓడీ, బీఓడీ లాంటివి పట్టికలో ఉన్నాయి. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్, ఆయన సహ పరిశోధకులు శుద్ధి అయి బయటికి వస్తున్న ఆ నీటినే తీసుకుని, పట్టికలో లేని ప్రశ్న అడిగారు: ఇందులో మందులెంత ఉన్నాయి? సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. కొన్ని బాక్టీరియాలకు హాని చేసే స్థాయికి అది వెయ్యి రెట్లకు పైమాట. ఔషధ నిరోధకత మీద ప్రపంచమంతటా జరిగిన చర్చలో పటాన్‌చెరు పేరు అప్పటి నుంచి నిలిచిపోయింది.

ఇందులో విమర్శకు అందవలసిన విషయం ఆ అంకె కాదు. అదే అణువు ఒక గేటు నుంచి బిళ్ళగా పోవడానికి తయారైనప్పుడు దాన్ని దశాంశాల దాకా తూచారు. మరో గేటు నుంచి నీళ్ళలో పోయినప్పుడు తూచమని ఏ పట్టికా చెప్పలేదు. పరికరం లేక కాదు, తెలివి లేక కాదు. బిళ్ళ కొనేవాడు ఫిర్యాదు చేస్తే బ్యాచ్ వెనక్కి వస్తుంది. వాగు పక్క రైతు ఫిర్యాదు చేస్తే వాగు వెనక్కి రాదు. పట్టికను రాసింది రసాయన శాస్త్రమే కావచ్చు, అందులో ఏ వరుస ఉండాలో చెప్పింది మాత్రం బజారు.

తరువాతి కథ ఇంకా ముఖ్యం. 2020లో కేంద్ర పర్యావరణ శాఖ మందుల కర్మాగారాల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు విధిస్తూ ముసాయిదా ప్రకటించింది. 2021లో వచ్చిన తుది నియమాల్లో ఆ పరిమితులు లేవు. లోపం బయటపడి పద్నాలుగేళ్ళయినా పట్టికలో వరుస చేరలేదు. కచ్చితంగా మాట్లాడితే ఇది రిగ్రెషన్ కాదు, ఎందుకంటే బాగున్న పరీక్ష ఇక్కడ చెడలేదు, మొదటినుంచీ లేదు. అయినా దీన్ని ముందు పెట్టడానికి కారణం, కనుగొనడానికీ నేర్చుకోవడానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ ఈ ప్రాంతంలో మరొకటి లేకపోవడం.

3. పాతదాన్ని పక్కన పెట్టుకుని చూడటం

నిజమైన రిగ్రెషన్‌కు మన అధ్యాపకలోకం మరచిపోలేని ఉదాహరణ 2019 ఏప్రిల్ 18న విడుదలైన ఇంటర్మీడియట్ ఫలితాలు. అంతకుముందు ఏళ్ళలో ప్రభుత్వ ఆధ్వర్యంలోని సంస్థ చూసిన పనిని ఆ ఏడాది ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. పరీక్ష రాసినవారు గైరుహాజరైనట్టు నమోదయ్యారు. తెలుగులో 99 మార్కులు వచ్చిన విద్యార్థినికి సున్నా పడింది. ఫలితాల తరువాతి రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వారందరి ఫలితమూ తప్పేనని చెప్పడం సరికాదు, చెప్పవలసిన అవసరమూ లేదు. తన మార్కు నిజమో కాదో తెలుసుకొనే దారి లేని స్థితిలో ఒక పదిహేడేళ్ళ మనసును నెట్టిన వ్యవస్థ గురించి మాట్లాడటానికి ఆ లెక్క అక్కరలేదు.

ప్రభుత్వం ముగ్గురు సభ్యుల సంఘం వేసింది. అందులో ఒకరు కందిలోని ఐఐటీ హైదరాబాదు ఆచార్యులు. తప్పిన 3.82 లక్షల మంది విద్యార్థుల జవాబు పత్రాలు, మొత్తం తొమ్మిది లక్షలకు పైబడినవి, ఉచితంగా తిరిగి పరిశీలించగా మే 27న 1,137 మంది ఉత్తీర్ణులయ్యారు. ఈ అంకెను రెండు వైపుల నుంచీ వాడుకున్నారు. లక్షల్లో ఇది ఎంత అని కొందరు, ఒక్కరైనా ఎందుకని కొందరు. రెండు వాదాలూ అసలు ప్రశ్నను దాటిపోయాయి. 1,137 తప్పులు బయటపడటానికి తొమ్మిది లక్షల పత్రాలు మనుషులు తిరగెయ్యవలసి రావడం ఎందుకు?

సున్నా సంగతే తీసుకుందాం. మూల్యాంకనం చేసినవారు ఓఎంఆర్ గడులు నింపడంలో పొరపాటు పడ్డారని అప్పట్లో తేలింది. మనిషి పొరపాటు, సాఫ్ట్‌వేర్‌ది కాదు అని ఒక సమాధానం వచ్చింది. ఈ సమాధానం సాంకేతిక దృష్టితో చూస్తే నిలవదు. గడులు నింపేది మనుషులని ముందే తెలిసిన వ్యవస్థ, మనుషుల పొరపాట్లను పట్టుకొనే ప్రశ్నలు తనలో ఉంచుకోవాలి. మిగతా అన్ని విషయాల్లో మంచి మార్కులున్న విద్యార్థికి ఒక విషయంలో సున్నా లేదా గైరుహాజరు కనిపిస్తే ఆ వరుసను పక్కకు తీసి మనిషికి చూపించమనడం ఏ తరగతి ప్రోగ్రామింగు విద్యార్థి అయినా రాయగల షరతు. మనలో ఎవరైనా, చేత్తో మార్కుల పట్టిక రాసే రోజుల్లో, అలాంటి సున్నాను చూసి కలం ఆపకుండా పోయామా? పాత గుమాస్తా కంటికి ఉన్న అనుమానం కొత్త వ్యవస్థలోకి బదిలీ కాలేదు. మార్పులో పోయేది తరచు ఇదే. రాతపూర్వకంగా ఉన్న నియమాలు కొత్త ప్రోగ్రాములోకి వస్తాయి, ఎవరూ రాయని అలవాట్లు రావు.

ఇలాంటి మార్పిడికి సాంకేతికుల దగ్గర పాత మందు ఒకటుంది. కొంతకాలం పాతదాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన నడిపి, ఒకే సమాచారం ఇచ్చి, రెండింటి జవాబులు తేడా వచ్చినచోట ఆగడం. పోయిన ఏడాది సమాచారాన్నే కొత్త వ్యవస్థకు ఇచ్చి, పోయిన ఏడాది ఫలితమే వస్తుందో లేదో చూడటం ఇంకా చౌక. మందుల భాషలో చెప్పాలంటే ఫలితాల దత్తాంశమే నిల్వ నమూనా. ఫలితం ప్రకటించడానికి ముందు చేయవలసిన ఈ పోలికను, ప్రకటించాక విద్యార్థులూ తల్లిదండ్రులూ బోర్డు కార్యాలయం ముందు నిలబడి చేశారు.

4. ‘జ్ఞా’: తప్పు ఎవరిది?

మూడో సందర్భంలో ప్రాణాలు పోలేదు. అయినా తెలుగు విద్యార్థికి ఇదే ఎక్కువ ఆలోచన కలిగించాలి. 2018 ఫిబ్రవరిలో ఒక వార్త ప్రపంచమంతా తిరిగింది. ఒక తెలుగు అక్షరం సందేశంగా వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ కూలిపోతున్నది. తెరమీద సూచనగా కనిపించినా ఫోనే ఆగిపోతున్నది. ఆ ‘అక్షరం’ జ్ఞా. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దిద్దుబాటు విడుదల చేసింది. మన పత్రికలు ఈ వార్తను కొంత వేడుకగా, కొంత గర్వంగా రాశాయి. జ్ఞానం అనే మాటలోని అక్షరం అమెరికా యంత్రాన్ని పడగొట్టిందన్న చమత్కారం తేలిగ్గా కుదిరింది.

ఆ చమత్కారం తప్పు వాస్తవం మీద నిలబడింది. తెలుగువారు రోజూ రాసే జ్ఞా ఏ ఫోన్‌నూ ఆపలేదు. ఆపినది, జ, పొల్లు, ఞ తరువాత కంటికి కనిపించని ఒక చిహ్నం వచ్చి, దాని తరువాత దీర్ఘం వచ్చిన వరుస. యూనికోడ్‌లో ఆ చిహ్నాన్ని శూన్యనిడివి విభాజకం అనవచ్చు. దాని పని అక్షరాలు కలవకుండా ఆపడం. దాన్ని మనం పొల్లు తరువాత వాడతాం. ‘సాఫ్ట్‌వేర్’ అన్నప్పుడు ట కింద వ ఒత్తుగా దిగకుండా నిలిపేది అదే. ఒత్తు పడిన అక్షరానికీ దాని గుణింతానికీ మధ్య దాన్ని పెట్టవలసిన అవసరం తెలుగు రాతలో దాదాపు రాదు. లోపం బయటపడిన కొద్ది రోజులకే మనీష్ గోరేగావ్‌కర్ అనే ప్రోగ్రామర్ రకరకాల వరుసలు కూర్చి పరీక్షించి, ఇది ఒక్క జ్ఞాకు పరిమితం కాదనీ, తెలుగులో ఇతర సంయుక్తాక్షరాలతోనూ, దేవనాగరి, బెంగాలీ లిపుల్లో కొన్ని వరుసలతోనూ ఇదే జరుగుతుందనీ చూపాడు. అంటే లోపం పాఠాన్ని తెరమీద కూర్చే ఇంజనులో ఉంది; అక్షరం సాక్షి మాత్రమే. సాక్షి పేరే నేరానికి పెట్టారు.

పేరు పెట్టడం ఇక్కడ చిన్న విషయం కాదు. లోపానికి ‘తెలుగు అక్షర బగ్’ అని పేరు పడగానే దిద్దుబాటు కూడా ఒక అక్షరానికి చేసే మరమ్మతుగా అర్థమవుతుంది. ఒక సంస్థ అలా ఆలోచిస్తే జ్ఞాకు ఒక పరీక్ష చేర్చి ఊరుకుంటుంది. ‘ఒత్తుకూ గుణింతానికీ మధ్య కనిపించని చిహ్నం వస్తే ఏమవుతుంది’ అని పేరు పెడితే, పరీక్ష ఇండిక్ లిపులన్నింటికీ విస్తరిస్తుంది. ఆలస్యంగా దొరికిన లోపం నుంచి ఎంత నేర్చుకుంటామన్నది, దాన్ని ఎంత సాధారణ రూపంలో చెప్పగలిగామన్నదాని మీద ఆధారపడుతుంది. సాహిత్య విమర్శలో ఒక పద్యంలోని దోషాన్ని గురించి చెప్పడానికీ, ఆ దోషం ఏ లక్షణం నుంచి పుట్టిందో చెప్పడానికీ ఉన్న తేడా ఇదే.

ఆపిల్ లోపలి పరీక్షలు బయటివారికి కనిపించవు గనుక వాటి గురించి తీర్పు చెప్పలేం. బహిరంగంగా నడిచే హార్ఫ్‌బజ్ అనే ఇంజనును చూడవచ్చు. ఆండ్రాయిడ్‌లోనూ, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్‌లలోనూ తెలుగును కూర్చేది అదే. దాని రూపకర్త బెహ్‌దాద్ ఇస్ఫహ్‌బోద్ భారతీయ లిపులను సరిచూడటానికి వికీపీడియా నుంచి మాటల పట్టికలు తీసి, తన ఇంజను ఫలితాన్ని మైక్రోసాఫ్ట్ ఇంజను ఫలితంతో పోల్చాడు. తెలుగుకు తొమ్మిది లక్షల డెబ్బై వేల దాకా మాటలు. తేడా వచ్చినవి ఇరవైలోపు. అంతటితో ఆగక, లోపం దొరికిన ప్రతిసారీ ఆ అక్షర వరుసను పరీక్షల సంచయంలో చేర్చే అలవాటు ఆ ప్రాజెక్టుకు ఉంది. ఇది మెచ్చదగిన పని. అయినా రెండు సందేహాలు మిగులుతాయి.

ఒకటి, ఒక యంత్రం మరో యంత్రంతో ఏకీభవించడం తెలుగు పాఠకుడు ఏకీభవించడం కాదు. రెండూ ఒకే తప్పు చేస్తే ఆ తప్పు ‘ఉత్తీర్ణం’ అవుతుంది. రెండు, వికీపీడియాలో ఉన్నవి మనుషులు రాసిన మాటలు. ఫోన్లను ఆపిన వరుస మనుషులు సాధారణంగా రాయనిది. కాబట్టి నిఘంటువులన్నీ పోసి పరీక్షించినా అది దొరికేది కాదు. తెలుగుకు రెండు రకాల పరీక్షలు కావాలి. రాసే మాటలకు ఒకటి, ఎవరూ రాయని, కాని యంత్రం ఎప్పుడో ఎదుర్కోగల వరుసలకు మరొకటి. రెండోది యాదృచ్ఛికంగా వరుసలు పుట్టించే ప్రోగ్రాములు చేయగలవు. మొదటిది మనం చేయాలి. శాసన భాషలో, కావ్య భాషలో, మాండలికంలో ఏ రూపాలున్నాయో తెలిసినవారు ఆ ఇంజన్ల దగ్గర లేరు. వారు మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో ఉన్నారు.

5. సర్దుకుపోవడం అనే దాపరికం

ఈ వ్యాసరచనకు పురికొల్పిన సంఘటన చాలా చిన్నది. నేను సంపాదకత్వంలో పాలుపంచుకునే ఒక చిన్న అంతర్జాల ప్రచురణలో, పరిశోధక విద్యార్థిని ఒకరు పటాన్‌చెరు మీద వచ్చిన వ్యాసాల కోసం వెతికారు. పాత సంచికలవి దొరికాయి, ఇటీవలివి ఒక్కటీ దొరకలేదు. తాను స్వయంగా రాసిన వ్యాసం కూడా దొరకకపోవడంతో ఆమె అడిగారు. చూస్తే కొత్త సంచికల్లో ఆ ఊరు ‘పటాన్చెరు’ అయి ఉంది. సైటు వెనక నడిచే సాఫ్ట్‌వేర్ ఏదో నవీకరణలో, పాఠాన్ని శుభ్రం చేయడం పేరుతో కనిపించని చిహ్నాలన్నింటినీ తీసేస్తున్నది. విభాజకం పోగానే న కింద చ ఒత్తు దిగింది. రామ్‌నగర్ రామ్నగర్ అయింది. సాఫ్ట్‌వేర్ అన్న మాటే సాఫ్ట్వేర్ అయింది, అది మరీ ముచ్చట.

ఎప్పటినుంచి? మాసపత్రిక కనుక అనుమానం ఉన్న సంచికలు పదహారు. మొదటినుంచి ఒక్కొక్కటి చూడలేదు. మధ్య సంచిక తెరిచాం, చెడిపోయి ఉంది. అంటే తప్పు అంతకుముందుది. ముందు సగంలో మధ్యది తెరిచాం, బాగుంది. ఇలా నాలుగుసార్లలో ఆ సంచిక దొరికింది. ప్రోగ్రామర్లు వేల మార్పుల మధ్య తప్పు పుట్టిన మార్పును ఇలాగే సగాలు చేస్తూ పట్టుకుంటారు. వెయ్యి మార్పులున్నా పది పరీక్షలు చాలు. షరతు ఒకటే, పాత రూపాలు చెరగకుండా ఉండాలి. అదృష్టవశాత్తు మా దగ్గర పాత సంచికల ప్రతులు వేరే భద్రంగా ఉన్నాయి.

ఇన్ని నెలలు ఇది ఎవరికీ కనిపించలేదా? కనిపించింది. అచ్చు దిద్దేవారు చూశారు. తమ కీబోర్డు తప్పనుకుని, ‘పటాన్ చెరు’ అని మధ్యలో ఖాళీ పెట్టి సర్దారు. రచయితలు కొందరు చూశారు. సంపాదకులు అలా మార్చారనుకున్నారు. ఒకరు మాత్రం ‘సాఫ్టువేరు’ అని రాయడం మొదలుపెట్టి, అదే తన శైలి చేసుకున్నారు. అందరూ తెలివిగా దారి వెతుక్కున్నారు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. నిజానికి ఈ అలవాటు మనకు పాతది. యూనికోడ్‌కు ముందు ఒక్కో ఫాంటుకు ఒక్కో సంకేతావళి ఉన్న కాలంలో, ఒక చోట రాసినది మరో చోట అక్షరాల శిథిలంగా కనిపించడం మనకు మామూలే. పేజ్‌మేకర్‌లో కూర్చిన సిద్ధాంత గ్రంథాన్ని యూనికోడ్‌లోకి మార్చి, పోయిన ఒత్తులను రాత్రంతా కూర్చుని దిద్దుకున్నవారు ఈ పత్రిక పాఠకుల్లో ఎందరో. ఆ ఓర్పు ఆ రోజుల్లో పని నడిపించింది. ఇప్పుడదే లోపాలను దాచుతున్నది.

వాగు పక్క ఊళ్ళవారు మౌనంగా లేరు. కోర్టుదాకా వెళ్ళారు, వారి మాట పట్టికకు ఎక్కలేదు. మన విషయంలో మాట బయటికే రాలేదు. రెండు చోట్లా ఫలితం ఆలస్యమే, కాని రెండో దానికి నిందించవలసినది మనల్ని మనమే. తెలుగు కంప్యూటింగ్ మీద మన సదస్సుల్లో చదివే పత్రాల్లో ఎక్కువ భాగం పరికరాల పరిచయాలు, ప్రశంసలు. ఏ నవీకరణ ఏ అక్షరాన్ని చెడగొట్టింది, ఎన్నాళ్ళకు తెలిసింది, ఎలా తెలిసింది అని రాసిన పత్రం నా కంటబడింది తక్కువ. లోపాల చరిత్రను పరిశోధనగా గుర్తించనంతకాలం అది ఎవరి నోటుపుస్తకంలోనో మిగిలిపోతుంది.

మా ప్రచురణలో దిద్దుబాటు అరగంటలో అయింది. దాని తరువాతి పని ఇంకా సాగుతున్నది. కొన్ని మాటలతో ఒక పరీక్ష పుట పెట్టాం. సైటు సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా ఆ పుటను ప్రచురించి, చదివి, మూల ప్రతితో అక్షరం అక్షరం పోల్చి, వెతికి చూస్తాం. అందులో మొదటి మాట పటాన్‌చెరు. తరువాత స్వాతంత్ర్యం, వైశిష్ట్యం లాంటి మూడంతస్తుల సంయుక్తాలు, అరసున్న ఉన్న కావ్య రూపాలు, బండి ఱ, దంత్య చ జ లు, 2021లో మాత్రమే యూనికోడ్‌లో చేరిన నకారపొల్లు, తెలుగు అంకెలు. ప్రతి మాట పక్కన అది ఎందుకు చేరిందో, ఏ సంచికలో ఎవరికి చెడి కనిపించిందో ఒక వాక్యం రాయాలన్నది నియమం. కారణం లేని వరుసను మూడేళ్ళ తరువాత వచ్చే మరో సంపాదకుడు అనవసరమని తీసేస్తాడు. మందుల కర్మాగారంలో పనిచేసే ఒక విద్యార్థి అన్న ఈ నియమాన్ని సూచించాడు. వాళ్ళ దగ్గర సంతకమూ తేదీ కూడా వేయాలట.

మొదటిసారి ఆ పుటను నడిపినప్పుడు పటాన్‌చెరు నిలిచింది. నకారపొల్లు చోట డొల్ల పెట్టె కనిపించింది, దంత్య చ వెతుకులాటలో దొరకలేదు. ఆ రెండు వరుసల పక్కన తేదీ వేసి ఉంచాం.